మందు కంటే ముందు పేరు

కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బుల గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో కాలి పుండ్ల ఊసు ఈమధ్య బాగా పెరిగింది. అన్నీ దాదాపు ఒకే మాటతో ముగుస్తున్నాయి: "డాక్టరు గారూ, ఏ ఆయింట్‌మెంటు రాయమంటారు?" అది రెండో ప్రశ్న. ఇది ఏ పుండు అన్నది మొదటిది. సిరల పుండుకు బిగుతుగా కట్టు కట్టాలి. ధమని పూడుకుపోయిన కాలికి అదే కట్టు కడితే కాలు పోవచ్చు. ఒక పుండుకు స్టెరాయిడ్ ప్రాణం పోస్తుంది, ఇంకో పుండులో దాగిన క్షయకు అదే స్టెరాయిడ్ తలుపు తీస్తుంది. అందుకని ఈసారి చోటంతా పుండ్లకే ఇచ్చాను.

సందేహం: నాకు 52 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా కీళ్లవాతం ఉంది. ఏడు నెలల కింద ఎడమ చీలమండకు కాస్త పైన, లోపలి వైపు, చిన్న పుండు లేచింది. ఇప్పుడు అరచేతిలో సగమంత అయింది. రాత్రిళ్లు ఒకటే సలుపు. చీము పరీక్ష చేస్తే సూడోమోనాస్ అనే క్రిమి ఉందన్నారు. నాలుగుసార్లు యాంటీబయాటిక్ కోర్సులు వాడాను. మళ్లీ పరీక్షిస్తే మళ్లీ అదే క్రిమి. "మీ వాతం రక్తనాళాలకు పాకింది, ఇక ఇంతే" అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, జగిత్యాల

సమాధానం: కావచ్చు. అయితే మీ ఉత్తరం చదవగానే నాకు అనుమానం వచ్చింది వాతం మీద కాదు, సిరల మీద. మీరు చెప్పిన చోటు సిరల పుండ్లకు సొంత ఇల్లు లాంటిది. కాలి పుండ్లలో ఎక్కువ భాగం సిరలవే. కీళ్లవాతం ఉన్నంత మాత్రాన ఆ లెక్క మారిపోదు. పైగా మీలాంటి వారికి ఇంకో ఇబ్బంది ఉంటుంది. కాళ్లలోని చెడు రక్తం పైకి ఎక్కాలంటే పిక్క కండరం పంపులా పనిచేయాలి, అది పనిచేయాలంటే చీలమండ ఆడాలి. ఏళ్ల తరబడి వాతంతో చీలమండ బిగుసుకుపోతే పంపు సగం ఆగినట్టే. దానికి తోడు స్టెరాయిడ్ మాత్రలతో చర్మం ఉల్లిపొరలా పలచబడి ఉంటుంది. మంచం కోడు తగిలినా చిట్లుతుంది.

ఒక్క సంగతి గమనించండి. రాత్రి సలుపు వచ్చినప్పుడు కాలు దిండు మీద ఎత్తి పెడితే హాయిగా ఉందా, మంచం కిందికి వేలాడేస్తే హాయిగా ఉందా? ఎత్తితే తగ్గేది ఎక్కువగా సిరల నొప్పి. వేలాడేస్తే తగ్గిందంటే కాలికి మంచి రక్తం చాలడం లేదని అనుమానించాలి. పుండు చుట్టూ చర్మం గోధుమ రంగుకు తిరిగి, గట్టిపడి, సాయంత్రానికి పాదం వాస్తుంటే సిరల వైపు ఇంకొంచెం మొగ్గుతాను. కానీ ఇవి అనుమానాలే. తేల్చేది పరీక్ష.

మొదటి పరీక్ష చాలా చవకైనది. చేతి దగ్గర బీపీ చూస్తారు, చిన్న డాప్లర్ పరికరంతో చీలమండ దగ్గర కూడా చూస్తారు, రెండో అంకెను మొదటి దానితో భాగిస్తారు. చేతి దగ్గర 140, చీలమండ దగ్గర 133 అనుకుంటే 0.95 వస్తుంది. 0.9 నుంచి 1.3 దాకా సుమారుగా మామూలే. 0.8 కంటే తగ్గితే గట్టి కట్టు కట్టకూడదు. 0.5 కంటే తగ్గితే అసలు కట్టు మాటెత్తకుండా రక్తనాళాల సర్జన్ దగ్గరికి వెళ్లాలి. షుగరు ఉన్నవారిలో ధమనులు గట్టిపడి ఈ అంకె మోసం చేస్తుంది. 1.3 దాటిందంటే రక్తం బ్రహ్మాండంగా పారుతోందని సంతోషించకండి, నాళం నొక్కుకోవడం లేదని అర్థం. ఆ తర్వాత సిరలకు డాప్లర్ స్కాను. ఏడు నెలల్లో ఈ రెండూ ఎవరైనా చేశారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.

ఇక ఆ సూడోమోనాస్ సంగతి. తెరిచి ఉన్న పుండు మీద క్రిములు లేకపోతేనే వింత. దూదితో పైపైన తుడిచి పరీక్షిస్తే ఏదో ఒకటి తప్పకుండా మొలుస్తుంది. చుట్టూ చర్మం ఎర్రబడి పాకుతున్నా, వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, నొప్పి ఉన్నట్టుండి ఎక్కువైనా అప్పుడు యాంటీబయాటిక్ కావాలి. రిపోర్టులో క్రిమి పేరు కనబడిందని వాడిన నాలుగు కోర్సులూ ఆ క్రిమికి చదువు చెప్పాయంతే.

మరి మీ వాతమే రక్తనాళాల మీద పడి ఉండదా? పడుతుంది. పదేళ్లు దాటిన జబ్బు, రుమటాయిడ్ ఫ్యాక్టర్ బాగా ఎక్కువగా ఉండటం, మోచేతుల దగ్గర గట్టి బుడిపెలు, పొగ తాగే అలవాటు ఉన్నవారిలో ఎక్కువ. పంచ్ మెషీన్‌తో కొట్టినట్టు అంచులు నిటారుగా ఉండే లోతైన పుండ్లు వస్తాయి. గోళ్ల అంచుల్లో సూది మొనంత నల్ల చుక్కలు కనబడతాయి. ఒకరోజు ఉన్నట్టుండి పాదం పైకి లేవక నేలకు తగులుకుంటుంది. అంటే నరానికి రక్తం అందడం ఆగిందన్నమాట. తమాషా ఏమిటంటే అప్పటికి కీళ్లు చల్లబడి ఉండొచ్చు. "నా వాతం తగ్గిపోయిందండీ, పుండే మిగిలింది" అనే రోగులు నన్ను ఎక్కువ కంగారు పెడతారు. రక్తంలో తెల్లకణాలు తగ్గి, ప్లీహం పెరిగి ఉంటే అది ఫెల్టీ సిండ్రోమ్. అందులో కూడా కాలి పుండ్లు మొండికేస్తాయి. ఒక రక్తపరీక్ష, పొట్టకు ఒక స్కాను చేస్తే తెలిసిపోతుంది.

ఏడు నెలలైంది కాబట్టి పుండు అంచు నుంచి ముక్క తీసి పరీక్షించమని అడగండి. ఏళ్లకేళ్లు మానని పుండు అంచులో క్యాన్సర్ పుట్టే ప్రమాదం ఉంది. ఫ్రెంచి సర్జన్ మార్జొలాన్ పేరు మీద 19వ శతాబ్దం నుంచే దీనికో పేరుంది. అంచు గట్టిపడి కాలీఫ్లవర్‌లా పైకి లేస్తే ఇక ఆగొద్దు. ముక్క తీసేవారికి ఒక్క మాట చెప్పండి: పైపొర గీకితే చాలదు, కింద కొవ్వు దాకా రావాలి. వాచే రక్తనాళాలు అక్కడే ఉంటాయి.

సందేహం: మా అమ్మకు 58 ఏళ్లు. పదేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్ ఉంది, ప్రస్తుతం విరేచనాలు అదుపులోనే ఉన్నాయి. నెల కింద మోకాలికీ చీలమండకీ మధ్య, ముందు వైపు, మొటిమంత చీము పొక్కు లేచింది. పది రోజుల్లో పగిలి పెద్ద పుండయింది. గాలి తగిలినా ఏడుస్తోంది. సర్జన్ గారు థియేటర్‌లోకి తీసుకెళ్లి చెడు కండంతా కోసి శుభ్రం చేశారు. వారంలో రెండింతలైంది. మళ్లీ కోసి, తొడ మీది చర్మం తీసి అతికిస్తామంటున్నారు. అంచులు వంకాయ రంగులో ఉన్నాయి. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, నరసరావుపేట

సమాధానం: ముందు ఆ రెండో ఆపరేషన్ ఆపించండి. ఉత్తరం అచ్చయ్యేలోపు ఆలస్యమవుతుందని మీకు విడిగా కూడా ఇదే రాశాను.

మీ వర్ణన పయోడెర్మా గ్యాంగ్రినోసమ్ అనే జబ్బుకు చాలా దగ్గరగా ఉంది. పేరు భయపెడుతుంది, పైగా తప్పుడు పేరు. 1930లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు బ్రన్‌స్టింగ్, గోకర్‌మన్, ఒలియరీ అయిదుగురు రోగులను చూసి ఈ పేరు పెట్టారు. ఆ అయిదుగురిలో నలుగురికి మీ అమ్మగారిలాగే పెద్దపేగు జబ్బు ఉంది. చీము చూసి అది క్రిముల పని అనుకున్నారు. క్రిమీ లేదు, గ్యాంగ్రీనూ లేదు. చీము కణాలు, అంటే న్యూట్రోఫిల్స్, శత్రువు లేకుండానే సొంత చర్మం మీద దండెత్తడమే ఈ జబ్బు. పేగు శాంతంగా ఉన్నా చర్మం శాంతంగా ఉంటుందన్న హామీ లేదు. కీళ్లవాతంలోనూ, కొన్ని రక్త జబ్బుల్లోనూ ఇది వస్తుంది.

దీనికున్న చెడ్డ గుణం గిల్లితే రేగడం. పాథర్జీ అంటాం. అందరికీ ఉండదు, ఉన్నవారిలో మాత్రం సూది గుచ్చిన చోట కూడా కొత్త పుండు లేస్తుంది. మామూలు పుండును కోసి శుభ్రం చేయడం మంచి వైద్యం, దీన్ని కోయడం నిప్పును ఎగదోయడం. సర్జన్ గారిని తప్పు పట్టను. కుళ్లిన కండ కనబడితే కోసేయమని మాకు చదువులో నేర్పిందే అది. నేనూ చదువుకునే రోజుల్లో ఇలాంటి కాలును రెండుసార్లు థియేటర్‌కు పంపినవాడినే.

మరి బయాప్సీ తీస్తే రేగదా? కొంచెం రేగొచ్చు, అయినా తీయాలి. అంచు నుంచి చిన్న ముక్క ఒకటి సూక్ష్మదర్శిని కింద చూడటానికి ఫార్మలిన్‌లో పంపాలి. ఇంకో ముక్క ఫార్మలిన్ తగలకుండా సెలైన్‌లో కల్చర్‌కు వెళ్లాలి. మామూలు కల్చర్‌లో క్షయ, ఫంగస్ తేలవు, ఫలానావి చూడమని ప్రత్యేకంగా రాయాలి. క్షయ కల్చర్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ జబ్బును ఖాయం చేసే రక్తపరీక్ష ఏదీ లేదు. 2002లో అదే మేయో క్లినిక్ వైద్యులు, తాము చూసినవారినీ వైద్య పత్రికల్లోకెక్కిన వారినీ కలిపి, పయోడెర్మా అని పొరబడిన 95 మంది వివరాలు ప్రచురించారు. కొందరివి సిరల పుండ్లు, కొందరికి రక్తనాళాల వాపు, కొందరికి క్యాన్సర్, కొందరికి ఫంగస్, క్షయ లాంటి ఇన్‌ఫెక్షన్లు. వారిలో చాలామంది నెలల తరబడి అక్కర్లేని స్టెరాయిడ్లు మింగారు. నేను వంకాయ రంగు చూసి పేరు చెప్పేసినంత తేలిగ్గా మీ డాక్టరు చెప్పకూడదు.

2018లో నిపుణులు ఒప్పుకున్న కొలబద్ద ఒకటుంది. అంచు ముక్కలో న్యూట్రోఫిల్స్ గుంపు కనబడటం అందులో ముఖ్య ఆధారం. దానికి తోడు ఎనిమిది చిన్న ఆధారాల్లో నాలుగైనా ఉండాలి. ఇన్‌ఫెక్షన్ లేదని తేలడం, గిల్లితే రేగడం, పేగు జబ్బు గానీ కీళ్ల వాపు జబ్బు గానీ ఉండటం, పొక్కు లేచిన నాలుగు రోజుల్లోనే పుండవడం, అంచు కింద గుల్లగా ఉండి ముట్టుకుంటే నొప్పి పుట్టడం, మానిన చోట నలిపిన కాగితంలాంటి మచ్చ పడటం, ఇలా. అమ్మగారికి ఇప్పటికే కొన్ని సరిపోతున్నాయి.

పేరు ఖాయమైతే స్టెరాయిడ్ గానీ సైక్లోస్పోరిన్ గానీ మొదలుపెడతారు. బ్రిటన్‌లో 121 మంది మీద ఈ రెండింటినీ పోల్చి చూస్తే రెంటిలోనూ ఆరు నెలలకు మానినవి సగం కంటే కాస్త తక్కువే, 47 శాతం. కాబట్టి "వారంలో తగ్గలేదు" అని డాక్టర్లను మార్చకండి. అయితే నొప్పి మాత్రం చాలామందికి కొద్ది రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. అదే మొదటి శుభవార్త. పేగు జబ్బు కూడా ఉంది కనుక ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్ సంగతి పేగుల డాక్టరు, చర్మ వైద్యుడు కలిసి ఆలోచించాలి. దానికి ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. చర్మం అతికించడం అవసరమైతే జబ్బు పూర్తిగా చల్లబడ్డాక, మందుల అండతో. ఇప్పుడు తొడ మీద కోస్తే అక్కడ రెండో పుండు లేచే అవకాశం ఉంది.

సందేహం: పుండు మీద పసుపు, వేపాకు ముద్ద పెట్టొచ్చా? హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా పొంగుతుంది, అంటే చెడంతా పోతున్నట్టే కదా? క్యాప్సూల్ విప్పి లోపలి పొడి చల్లమని మందుల షాపతను చెప్పాడు.
- ఒక పాఠకుడు, పాలకొల్లు

సమాధానం: వద్దు, కాదు, వద్దు. పెరాక్సైడ్ పొంగులో చెడుతో పాటు కొత్తగా పుడుతున్న లేత కండ కూడా పోతుంది. కాలి పుండ్లకు ఏళ్లుగా రకరకాల పూతలు పూసిన వారిలో ఆ పూతలే పడకపోవడం చాలా ఎక్కువ, ముఖ్యంగా నియోమైసిన్ ఉన్నవి. పుండు చుట్టూ దురద, చెమ్మ, ఎరుపు మొదలైతే ఆయింట్‌మెంటును అనుమానించండి. కాచి చల్లార్చిన నీళ్లు చాలు. పసుపు పులుసులోకి ఉంచుకోండి.

సందేహం: నాకు 29. నాలుగేళ్లుగా లూపస్. రెండు గర్భాలు నిలవలేదు. కాళ్ల మీద చర్మంలో ఊదారంగు వల అల్లినట్టు ఉంటుంది. ప్రతి ఎండాకాలం చీలమండల చుట్టూ చిన్న చిన్న పుండ్లు, జొన్నగింజ కంటే పెద్దవి కావు, నొప్పి మాత్రం నిప్పు కణిక పెట్టినట్టు. మానాక తెల్లటి నొక్కు మచ్చలు పడతాయి. లూపస్ మందు పెంచారు, తేడా లేదు.
- పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: పుండ్లకూ పోయిన గర్భాలకూ ముడి పెట్టి రాశారు చూడండి, సగం రోగనిర్ధారణ మీరే చేశారు.

ఇక్కడ రక్తనాళం వాచడం కాదు, పూడుకుపోవడం జరుగుతోందని నా అనుమానం. 1983లో లండన్‌లో గ్రాహమ్ హ్యూజ్ అనే వైద్యుడు వివరించిన యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్‌లో రక్తం అవసరం లేని చోట గడ్డకడుతుంది. మాయలో గడ్డకడితే గర్భం పోతుంది, చర్మంలోని సన్న నాళాల్లో గడ్డకడితే మీరు చెప్పిన పుండ్లు, తెల్ల మచ్చలు. అందుకే లూపస్ మందు పెంచినా ఫలితం కనబడలేదు. వాపు తగ్గించే మందు గడ్డను కరిగించదు.

లూపస్ యాంటికోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్ యాంటీబాడీలు, ఈ మూడూ చేయించండి. పాజిటివ్ వస్తే పన్నెండు వారాల తర్వాత మళ్లీ చేయించాలి, ఎందుకంటే మామూలు జ్వరాల్లో కూడా ఇవి వచ్చి పోతుంటాయి. రక్తం పలచబరిచే మందు మొదలుపెట్టకముందే మొదటి శాంపిల్ ఇవ్వడం మంచిది, మొదలుపెట్టాక మొదటి పరీక్ష తికమక పెడుతుంది. ఏపీటీటీ అనే పరీక్షలో మీ రక్తం ఆలస్యంగా గడ్డకడుతోందని వస్తే "మీకు రక్తస్రావం ప్రమాదం" అని ఎవరైనా అనొచ్చు. గాజు గొట్టంలో ఆలస్యం, ఒంట్లో తొందర. ఈ జబ్బు వేసే నాటకం అది.

మూడు పరీక్షలూ పాజిటివ్ వస్తే వార్ఫరిన్ తరహా పాత మందులే నమ్మకం. నెలనెలా రక్తపరీక్ష అక్కర్లేదని కొత్త మాత్ర రివరొక్సాబాన్ వైపు మనసు లాగుతుంది, కానీ ఇటలీలో ఇలాంటి రోగుల మీద జరిపిన పరీక్షలో దాన్ని వాడినవారికే గడ్డలు ఎక్కువ కావడంతో అధ్యయనాన్ని మధ్యలో ఆపేసి, 2018లో ఫలితాలు ప్రకటించారు. మూడూ నెగెటివ్ వస్తే, లివిడాయిడ్ వాస్క్యులోపతీ అనే ఇంకో జబ్బుంది. ఎండాకాలం రేగడం దాని గుణమే. అందులో ఆ కొత్త మాత్ర చక్కగా పనిచేయొచ్చు. మళ్లీ గర్భం అనుకుంటే వార్ఫరిన్ బిడ్డకు హాని, ముందే చెప్పి హెపారిన్, చిన్న మోతాదు ఆస్పిరిన్‌కు మారాలి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మాత్రం ముట్టుకోవద్దు.

సందేహం: నా భార్యకు కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు రాశారు. పన్నెండు రోజులుగా వేస్తోంది. నోరంతా పుండ్లు, కాళ్ల మీద చర్మం పొరలు ఊడి పచ్చి పుండ్లయ్యాయి. జబ్బు ముదిరిందా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: ఆ మాత్ర వారానికి ఒక్కసారి వేసేది. మీరు రోజూ వేస్తున్నట్టు రాశారు. ఫోనులో చెప్పించాను, ఆమె ఇప్పటికే ఆసుపత్రిలో ఉంది. మిగతా పాఠకుల కోసం రాస్తున్నాను: నోట్లోనూ చర్మం మీదా పుండ్లు పుట్టడం, ఎముక మజ్జ దెబ్బ తింటోందని చెప్పే తొలి గంట. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రక్తకణాలు, కిడ్నీ, లివర్ పరీక్షలు చేయించి, విరుగుడుగా ల్యూకోవొరిన్ ఎక్కించుకోవాలి. ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఎక్కువ వేస్తే సరిపోదు. మూత్రంలో మంటకు కోట్రైమాక్సజోల్ వేసుకుంటే వారానికి ఒకసారి వేసేవారిలో కూడా ఇదే ప్రమాదం. మాత్రల పట్టీ మీద పెన్నుతో "బుధవారం" అని రాసి పెట్టుకోండి. ఏ వారమైనా ఫరవాలేదు, ఒక్కటే ఉండాలి.

సందేహం: నాకు షోగ్రెన్స్ సిండ్రోమ్ ఉంది. ఎక్కువసేపు నిలబడితే పిక్కల మీద ఊదా చుక్కలు, వాటిలోనే ఇప్పుడు పుండ్లు. క్రయోగ్లోబులిన్ పరీక్ష నెగెటివ్ వచ్చింది. ఇక ఏం లేనట్టేనా?
- ఒక ఉపాధ్యాయిని, విజయనగరం

సమాధానం: శాంపిల్ ల్యాబుకు ఎలా వెళ్లిందో కనుక్కోండి. క్రయోగ్లోబులిన్లనే ఈ ప్రోటీన్లు చలికాలపు నెయ్యి లాంటివి, చల్లబడితే పేరుకుంటాయి, వెచ్చబడితే కరుగుతాయి. రక్తం తీసిన దగ్గర్నుంచి సీరం వేరు చేసేదాకా 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచకపోతే అవి గడ్డలోనే చిక్కుకుని, నెగెటివ్ అని వస్తుంది. సంచీలో ఐస్ పెట్టి ఊరు దాటించిన శాంపిల్ ఫలితాన్ని నేను నమ్మను. రక్తంలో సీ4 అనే ప్రోటీన్ తగ్గిందేమో చూడండి, హెపటైటిస్ సి పరీక్ష కూడా చేయించండి. అది ఉంటే దానికి మాత్రలున్నాయి, అది పోతే చాలామందిలో పుండ్లూ పోతాయి.

సందేహం: కీళ్లవాతం ఉంది, పుండు మాత్రం సిరలదని తేలింది. పొరల కట్టు కడుతున్నారు, మూడు వంతులు మానింది. అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. వెళ్లొచ్చా?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: నడక సిరల పుండుకు మందే, మంచం మీద పడుకోవడం కాదు. కట్టుతో రోజూ ఇంటి చుట్టూ నడవండి, కూర్చున్నప్పుడు మడమ పైకీ కిందికీ ఆడించండి. కానీ 3,550 మెట్లు, ఉత్త కాళ్లతో, మానీ మానని పుండుతో, వాతం పట్టిన మోకాళ్లతో వద్దు. మొక్కుకున్నప్పుడు తేదీ చెప్పలేదు కదా. పూర్తిగా మానాక రెండు మూడు నెలలు ఆగండి, చర్మం గట్టిపడుతుంది. అప్పుడు కూడా బిగుతు మేజోళ్లు వేసుకునే ఎక్కాలి. ఆరు నెలలు దాటిన జత పట్టు వదిలేస్తుంది, కొత్తవి కొనుక్కోండి. దిగేటప్పుడు బస్సెక్కండి.